ఫ్లాట్‌లో ముందే ఉన్న వాషింగ్ మెషీన్ రిపేరు ఎవరిది?

అద్దెకు దిగి 7 నెలలైంది. మేం వచ్చేసరికే బాల్కనీలో ఒక ఫ్రంట్ లోడ్ మెషీన్ ఉంది. వాడుకోమన్నారు, వాడుతున్నాం. 3 వారాలుగా ఉతకడమైతే ఉతుకుతోంది గానీ నీళ్లు బయటికి పోవట్లేదు. పంపు అర నిమిషం గుర్రుమని ఆగిపోతుంది. డ్రమ్ములో సబ్బు నీళ్లు అలాగే ఉంటాయి, తలుపు తెరుచుకోదు.

కింద ఫిల్టర్ విప్పి కడిగాను (ఒక హెయిర్ పిన్ను, రెండు బొత్తాలు దొరికాయి, అవి మావి కావు). డ్రెయిన్ పైపు మడత తీసి సరిచేశాను. లాభం లేదు. మెకానిక్ చూసి పంపు అరిగిపోయిందని, వాడకంలో తప్పేం లేదని అన్నాడు.

ఓనర్‌కి చెబితే "అది నాది కాదండీ, పాత టెనెంట్ వదిలేసి వెళ్లాడు" అంటున్నారు. సరే, తీసేసి మాది పెట్టుకుంటామంటే మాత్రం "దాన్ని కదపకండి" అంటున్నారు! అగ్రిమెంట్ రెండుసార్లు చదివాను. ఫ్యాన్లు, లైట్లు, గీజర్ జాబితాలో ఉన్నాయి, మెషీన్ ఊసే లేదు. "చిన్న రిపేర్లు అద్దెదారువే" అని ఒక ముక్క ఉంది, చిన్న అంటే ఎంతవరకో లేదు. దిగిన రోజు తీసిన ఫొటోల్లో మెషీన్ స్పష్టంగా కనిపిస్తోంది.

జాబితాలో లేకపోయినా, ఇల్లు అప్పగించేటప్పుడు ఉన్న వస్తువు కాబట్టి ఈ రిపేరు ఖర్చు ఓనరే పెట్టుకోవాలా, వాడుకుంటున్నందుకు మేం పెట్టుకోవాలా?