పార్కిన్సన్స్ పెద్దాయనకు కడప బండల మీద నడక గీతలు: ఏది నిలుస్తుంది?

కడపలో 70 దాటిన పెద్దాయన. చదును నేల మీద నడక బాగానే ఉంది. గడప దగ్గరికొస్తే కాళ్లు నేలకు అతుక్కుపోయి ఒళ్లు ముందుకు తూలుతుంది. లెవోడోపా (పార్కిన్సన్స్ జబ్బుకు వాడే మందు) వేసుకున్న గంటకు, మందు బాగా పట్టినప్పుడే వ్యాయామం: గోడకానించిన కుర్చీలోంచి 10 సార్లు లేచి కూర్చోవడం, ఉన్నచోట గిర్రున తిరక్కుండా చిన్న అడుగులతో పెద్ద వంపు తీసుకుని మళ్లడం. లేవగానే బీపీ పడుతుంది కాబట్టి నిమిషం నిలబడ్డాకే నడక. ఇవన్నీ కుదిరాయి.

చిక్కంతా అడుగు పడటానికి నేల మీద వేసే గీతలదే. గడపకు ఇవతల నాలుగు, అవతల రెండు, 40 సెంటీమీటర్ల ఎడంతో అడ్డంగా తెల్ల టేపు వేశాం. నల్ల బండ మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, దాన్ని దాటాలని చూస్తే అడుగు కూడా పడుతుంది. కానీ రోజూ తడిగుడ్డ పెట్టేసరికి మూడో నాటికి అంచులు లేస్తున్నాయి. లేచిన అంచుకు బొటనవేలు తగిలితే పడిపోవడమే. ముగ్గుపిండి జారుతుంది, అది అసలే వద్దు.

బండ మీద నిలిచి, ఎత్తు లేకుండా, తడిసినా జారని గీత ఎవరైనా వేయించారా? పెయింటైతే ఏ రకం? గీతలు లేకుండా మెట్రోనోమ్ (సమాన వేగంతో టిక్ టిక్ మనే పరికరం) తాళంతోనే గడప దాటించినవాళ్లు ఉంటే, నిమిషానికి ఎన్ని దెబ్బలు పెట్టారో దయచేసి చెప్పండి. ఆయన మామూలు నడక నిమిషానికి 96 అడుగులు.