సంసారం గుట్టు, రోగం రట్టు: ఇంతకీ ‘గుట్టు’ అంటే రహస్యమేనా?

మహారాణిపేట:
విశాఖ ద్వారకానగర్ పౌరగ్రంథాలయం మెట్లు దిగుతుంటే వచ్చిన సందేహం ఇది. బుచ్చిబాబు నవల ‘చివరకు మిగిలేది’ మళ్ళీ చదివాను. కాలేజీ రోజుల్లో కోమలి, అమృతం తప్ప ఇంకెవరూ కనపడలేదు. ఈసారి కథానాయకుడు దయానిధి తల్లి దగ్గర ఆగిపోయాను. ఆవిడ పోయింది గానీ ఆవిడ మీద మాట పోలేదు, కొడుకుని వదలదు. దాన్ని ఇంటిగుట్టు అనే అనుకుంటాం కదా. ఊరంతా చెప్పుకునేది గుట్టెలా అవుతుంది?

గాజువాక:
రెండూ ఒకటేనండి. గుట్టు మన మాట, రహస్యం సంస్కృతం. ఇందులో చర్చేటి?

భీమిలి మాస్టారు:
ఒకటి కాదు బాబూ. రహస్ అంటే ఏకాంతం, ఎవరూ లేని చోటు. రహస్యం అందులోంచి పుట్టింది. గుట్టు అలా కాదు, దానికి చుట్టూ నలుగురుండాలి. ‘ఆ ఇంట్లో గుట్టుగా బతుకుతున్నారు’ అంటే మెచ్చుకోలు. ‘రహస్యంగా బతుకుతున్నారు’ అని చూడు, పోలీసులు రావలసిందే!
‘ఇంటిగుట్టు లంకకు చేటు’లో కూడా చేటు తెచ్చింది గుట్టు కాదు, విభీషణుడి నోట అది రట్టు కావడం. ఆ రట్టు అన్న మాటని సామెత మింగేసింది.

సీతమ్మధార:
మరి రోగం రట్టు ఎందుకు చెయ్యమన్నారు మాస్టారూ? దాచవలసిన తొమ్మిదింటి శ్లోకంలో, ‘ఆయుర్విత్తం గృహచ్ఛిద్రం’ అని మొదలవుతుందే, అందులో ఔషధం కూడా దాచమన్నారుగా.

భీమిలి మాస్టారు:
అక్కడే మన సామెత దారి మార్చుకుంది. గృహచ్ఛిద్రం, అంటే ఇంటికి పడ్డ చిల్లు, దాన్ని దాచడం దగ్గర రెండూ ఒకటే. జబ్బు దగ్గర మాత్రం తెలుగువాడు పదిమందికీ చెప్పమన్నాడు, ఒకరికైనా మందు తెలియకపోతుందా అని. నా ఓటు సామెతకే.

మహారాణిపేట:
మా ఇంట్లో ఆ సామెత తిరగబడింది మాస్టారూ. పాత పోస్టాఫీసు దగ్గర పెంకుటింట్లో ఉండేవాళ్ళం. మా మేనత్తకి టీబీ. పెళ్ళి కావలసిన ఆడపిల్లలున్న ఇల్లని ‘నిమ్ము చేసింది’ అనేవారు. పెరటి గదిలో పడక, వేరే కంచం, వేరే గ్లాసు. అందరం నిమ్మనే నమ్మాం, నమ్మినట్టే ఉన్నాం. అత్త పోయి నలభై ఏళ్ళు. మొన్న అమ్మ సామాన్లు సర్దుతుంటే అటక మీంచి ఒక సత్తు గ్లాసు దొర్లింది. చూడ్డానికి వచ్చిన పక్కింటి మామ్మగారు కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా, ‘అది మీ అత్తది కదమ్మా. అడుగున మేకుతో గీసిన గీతుంటుంది చూడు’ అన్నారు.
తిప్పి చూశాను. ఉంది.

సీతమ్మధార:
ఆ మామ్మగారు ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనలేదన్నమాట.

మహారాణిపేట:
మా ముందు అనలేదంతే. వీధిలో తెలియనివాళ్ళు లేరట.

గాజువాక:
ఒకటేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నానండి. మా ఇంట్లో అలాంటిది ఒక చెంబుంది.