ఎడిన్‌బరో పాత భవనంలో మూసిన కిటికీలు: పన్ను కోసమా, అందం కోసమా?

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలోని న్యూ టౌన్ అనే పేటలో, వాస్తుశిల్పి జేమ్స్ క్రెయిగ్ వేసిన 1767 నాటి ప్రణాళిక తరువాత వెలసిన జార్జియన్ (18-19 శతాబ్దాల బ్రిటిష్ శైలి) వరుస భవనాల్లో ఒకదాని మూడో అంతస్తులో మేము అద్దెకు ఉంటున్నాము. ఇది ‘ఎ’ శ్రేణి, అంటే అత్యున్నత శ్రేణి, రక్షిత కట్టడం. ఒక కొస మాత్రమే గోడలో ఇరికించిన రాతిమెట్లు తరతరాల అడుగులకు మధ్యలో పల్లంగా అరిగి, పైనున్న అద్దాల గుమ్మటం వెలుగులో నున్నగా మెరుస్తుంటాయి.

నా సందేహం పక్కగోడ కిటికీల గురించి. వాటిలో మూడింటిని రాతితో మూసి, నల్లరంగు పూసి, చట్రాలను తెల్లగా గీశారు. ఇంటికున్న కిటికీల సంఖ్యను బట్టి వేసి, 1851లో రద్దు చేసిన కిటికీ పన్ను తప్పించుకోవడానికే మూశారని ఇరుగుపొరుగువారు గట్టిగా చెబుతారు. కానీ సరిగ్గా వాటి వెనుకే పొగగొట్టాలు పోతుండటం చూస్తే, బయటికి కిటికీల వరుస కుదరడం కోసం మొదటినుంచీ అలాగే కట్టారేమోనని నాకు అనిపిస్తోంది. రాతి అతుకులను బట్టి ఈ తేడా పోల్చుకోవచ్చా? నగర దస్త్రాల్లోని డీన్ ఆఫ్ గిల్డ్ న్యాయస్థానపు (పూర్వం నగరంలో భవన నిర్మాణాలకు అనుమతులిచ్చిన న్యాయస్థానం) పత్రాలను వెతికిన అనుభవం ఉన్నవారు దయచేసి దారి చూపగలరు.