గ్నూక్యాష్‌లో స్టేట్‌మెంట్ ఎక్కిస్తే కొన్ని ఎంట్రీలే డబుల్ అవుతున్నాయి, ఎందుకు?

మద్దిలపాలెం_పద్దు:
గ్నూక్యాష్ 5 (జమాఖర్చులు రాసుకునే సాఫ్ట్‌వేర్), విండోస్. ఏప్రిల్ బ్యాంకు స్టేట్‌మెంట్ సీఎస్‌వీని (కామాలతో విడదీసిన పట్టిక ఫైలు) మే మొదట్లోనే ఎక్కించాను, బాగానే కూర్చుంది. మొన్న ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 వరకు ఒకే ఫైలుగా దించి ఎక్కించాను. ఏప్రిల్‌వి పాతవాటితో వాటంతటవే కలిసిపోతాయనుకున్నా. కొన్ని కలిశాయి, కొన్ని డబుల్ అయ్యాయి. ఏప్రిల్ 5న కట్టిన ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు 1,846 రూపాయలు ఏప్రిల్ 5న ఒకసారి, మే 4న ఇంకోసారి ఉంది. ఏప్రిల్ 18న నా రెండో బ్యాంకు ఖాతాకు పంపిన 15,000 మాత్రం అదే తేదీతో రెండుసార్లు ఉంది, ఒకదాని ఎదుట ఇంబ్యాలెన్స్-ఐఎన్ఆర్ (ఎదుటి ఖాతా ఇవ్వనివి వెళ్లి పడే ఖాతా) అని. రెండో ఫైలును ఎక్సెల్‌లో తెరిచి, పైనున్న పేరు, అడ్రసు వరసలు తీసేసి, తేదీల కాలమ్ ఫార్మాట్‌ను రోజు-నెల-సంవత్సరంగా మార్చి సేవ్ చేశాను. ఒక్కొక్కటీ వెతికి డిలీట్ చేయడమేనా దారి?

ద్వారకానగర్_లెడ్జర్:
డిలీట్ చేయకండి. మీవి రెండు వేర్వేరు తప్పులు. ముందు పెద్దది చూద్దాం.

మీ విండోస్ రీజియన్ అమెరికా మీద ఉండాలి. అప్పుడు బ్యాంకు ఏప్రిల్ 5 అని రాసిన 05/04ని ఎక్సెల్ మే 4గా చదువుతుంది. ఫార్మాట్ మార్చకపోతే సేవ్ చేసినా అంకెలు అదే వరసలో ఉండేవి, ఏ గొడవా ఉండేది కాదు. మీరు మార్చారు కాబట్టి 04-05 అయి కూర్చుంది. 13 నుంచి 31 తేదీలవాటిని అది తేదీగానే గుర్తించలేదు, ఉత్త టెక్స్ట్‌గా వదిలేసింది. అందుకే అవి పాతవాటితో కలిశాయి. రుజువు కావాలంటే ఏప్రిల్ 4వ తేదీవి చూడండి, డబుల్ అయి ఉండవు. తిరగేసినా అదే తేదీ కదా. ఏప్రిల్ 12న ఏదైనా కట్టి ఉంటే డిసెంబరు 4న కనిపిస్తుంది.

గ్నూక్యాష్ మొత్తం, తేదీ, వివరణ పోల్చి మార్కులు వేస్తుంది. తేదీల తేడా 4 రోజుల్లోపు ఉంటే మార్కులు పెంచుతుంది, 14 దాటితే బాగా కోసేస్తుంది. ఈ హద్దులు ప్రిఫరెన్సెస్‌లో ఉంటాయి. వాటిని పెంచి ఈ సమస్య తీర్చాలని మాత్రం చూడకండి, నెలనెలా వచ్చే ఒకే మొత్తాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

డిలీట్ ఎందుకు వద్దన్నానంటే, మే, జూన్ ఎంట్రీల్లోనూ 1 నుంచి 12 తేదీలవి తప్పు నెలల్లో ఉన్నాయి. అవి డబుల్ కాలేదు కాబట్టి మీ కంటికి ఆనవు. మీ ఫైలు ఎక్స్‌ఎంఎల్ రకమైతే, సేవ్ చేసినప్పుడల్లా అదే ఫోల్డర్‌లో తేదీ, సమయం పేరులో ఉన్న కాపీ పడుతుంది. మామూలు సెట్టింగ్‌లో 30 రోజులు ఉంచుతుంది. మొన్నటి ఇంపోర్ట్‌కు ముందుది తెరిచి, వేరే పేరుతో సేవ్ చేసుకుని మళ్లీ మొదలుపెట్టండి.

బ్యాంకు ఫైలును మళ్లీ దించండి, ఎక్సెల్ జోలికే వెళ్లకండి. పై వరసలు తీయక్కర్లేదు, ఇంపోర్ట్ తెరలోనే మొదటి ఎన్ని లైన్లు వదలాలో అంకె ఇవ్వొచ్చు. తేదీ ఫార్మాట్ డీ-ఎం-వై (రోజు-నెల-సంవత్సరం) పెట్టి, ఆ సెట్టింగ్‌లను ఒక పేరుతో దాచుకోండి. చివరి తెరలో ‘ఏ’ అక్షరం అంటే కొత్తగా చేర్చు, ‘సీ’ అంటే పాతదానితో కలుపు. ఏప్రిల్ వరసలన్నీ సీలో ఉన్నాయో లేదో చూశాకే ముందుకెళ్లండి.

గాజువాక_జమాఖర్చు:
15,000 సంగతి నేను చెప్తా. మొదటి ఖాతా ఎక్కించినప్పుడు ఆ వరసకు ఎదుటి ఖాతా (డబ్బు ఎక్కడికి వెళ్లిందో చెప్పేది) ఇవ్వలేదు, అందుకే ఇంబ్యాలెన్స్‌లో పడింది. తర్వాత రెండో బ్యాంకు ఫైలు ఎక్కించి ఎదుటి ఖాతాగా మొదటిదాన్ని ఇచ్చి ఉంటారు. గ్నూక్యాష్ ఎక్కిస్తున్న ఖాతాలోనే పోలిక వెతుకుతుంది, అక్కడ ఇంకా ఏమీ లేదు కాబట్టి కొత్తది చేర్చింది. ఇది పాత కాపీలోనూ ఉంటుంది. ఇంబ్యాలెన్స్ ఉన్నదాన్నే తీసేయండి, రెండు ఖాతాలనూ కలిపేదాన్ని ఉంచండి. ఇకమీదట మొదటి ఫైలు ఎక్కించేటప్పుడే ఎదుటి ఖాతా పెడితే, రెండోది దానంతటదే సీలోకి వస్తుంది. క్రెడిట్ కార్డు బిల్లుకూ ఇదే.

ఇంకో మాట. ఒకే రోజు ఒకే మొత్తం కనిపిస్తే డబులే అనుకోకండి. బీచ్ రోడ్డులో రెండుసార్లు టీ తాగితే రెండు 20 రూపాయలు నిజంగానే పోతాయి. వివరణలో యూపీఐ 12 అంకెల రిఫరెన్స్ చూడండి, అది వేరైతే చెల్లింపూ వేరే. అది విడి కాలమ్‌లో ఉంటే ఎక్సెల్ దాన్ని 4.12ఈ+11లా కుదించి పాడుచేస్తుంది, ఎక్సెల్ వద్దనడానికి ఇది రెండో కారణం. ఫెయిలైన చెల్లింపుకు డెబిట్, రివర్సల్, మళ్లీ డెబిట్ అని మూడు వరసలు వస్తాయి. మూడూ ఉండాల్సిందే.

మద్దిలపాలెం_పద్దు:
రీజియన్ అమెరికాయే! డిసెంబరు 4న గ్యాస్ డబ్బులు కూడా ఉన్నాయి. పాత కాపీతో మళ్లీ ఎక్కించాను, ఏప్రిల్ మొత్తం సీలోకి వచ్చింది. కానీ రికన్సైల్‌లో (బ్యాంకు బ్యాలెన్స్‌తో సరిచూసేటప్పుడు) 2,400 తేడా.

ద్వారకానగర్_లెడ్జర్:
ముందు 2,400 ఎంట్రీ రెండుసార్లు ఉందేమో చూడండి. లేకపోతే 1,200 వెతకండి, జమ కావలసింది ఖర్చుగా పడితే తేడా రెట్టింపు వస్తుంది. అదీ కాకపోతే బ్యాంకు ఫైలులో బ్యాలెన్స్ కాలమ్ ఉంటుందిగా, మే 15 నాటి అంకెను గ్నూక్యాష్‌లో ఆ ఖాతా రిజిస్టర్‌తో (ఎంట్రీల పట్టికతో) పోల్చండి. కలిస్తే తప్పు ఆ తర్వాత ఉంది, కలవకపోతే ముందు. అలా సగం సగం చేసుకుంటూ వెళ్తే ఏడు సార్లలోపే ఆ రోజు దొరుకుతుంది.