టోరాయిడ్ పెట్టగానే టెస్లా కాయిల్ స్పార్క్ పడిపోయింది, ఎందుకు?

హన్మకొండ_కుర్రోడు:
అన్నలూ, డాబా మీద రేకుల గదిలో టెస్లా కాయిల్ (హై వోల్టేజీతో గాల్లోకి మెరుపులు చిమ్మేది) కట్టాను. పాత నియాన్ బోర్డు ట్రాన్స్‌ఫార్మర్ 9000 వోల్టులు, 30 మిల్లీఆంప్స్. 0.15 మైక్రోఫారడ్, 2000 వోల్టుల కెపాసిటర్లు 15 సిరీస్‌లో ఉన్నాయి. సెకండరీ (పైన మెరుపు వచ్చే పొడుగాటి కాయిల్) 110 ఎం.ఎం. పీవీసీ పైపు మీద 45 సెంటీమీటర్ల ఎత్తు, దాదాపు 1000 చుట్లు. దాని అడుగున కెపాసిటర్లకు కలిపే ప్రైమరీ కాయిల్ ఏసీ కాపర్ పైపుతో బల్లపరుపుగా 10 చుట్లు. పైన ఏమీ లేనప్పుడు ఏడున్నర చుట్ల దగ్గర ట్యాప్ (ప్రైమరీకి వైరు తగిలించే చోటు) పెడితే జానెడు స్పార్క్ వచ్చేది. చిమ్నీ డక్ట్ పైపును 30 సెంటీమీటర్ల రింగుగా వంచి సెకండరీ నెత్తిన టోరాయిడ్‌గా పెట్టాక అంతా చల్లబడింది. ట్యాప్ బయటికి జరిపేకొద్దీ కొంచెం నయమే కానీ పదో చుట్టుకే పైపు అయిపోయింది. స్పార్క్ గ్యాప్ (కెపాసిటర్లు నిండగానే రవ్వ దూకి ఆ కరెంటును ప్రైమరీలోకి వదిలే సందు) పెంచమంటారా? ఇంకోటి, సెకండరీ కింది కొన ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గు ఎర్త్‌కే ఇచ్చాను, ఆన్ చేస్తే పక్కింట్లో సెటాప్ బాక్స్ ఆగిపోతోంది, ఆంటీ గోడ మీంచి తిడుతోంది.

కాజీపేట_సోల్డరింగ్:
గ్యాప్ జోలికి పోకు తమ్ముడూ. కాయిల్ బాగానే ఉంది, ట్యూనింగే తప్పింది. ప్రైమరీ, సెకండరీ రెండూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉండాలి. నువ్విచ్చిన కొలతలకు లెక్క కడితే టోరాయిడ్ లేని సెకండరీ సుమారు 375 కిలోహెర్ట్జ్. ఏడున్నర చుట్లు అందుకే కుదిరాయి. రింగు పెట్టగానే కెపాసిటెన్స్ పెరిగి అది 230 దరిదాపులకు దిగిపోతుంది, ప్రైమరీ కూడా అక్కడికి దిగాలి, కానీ చుట్ల మధ్య అరంగుళం సందు అనుకుంటే నీ 10 చుట్లు 280 దగ్గరే ఆగిపోతాయి. చివరి చుట్టు దాకా నయమవుతూనే ఉందంటే అసలు పాయింటు ఇంకా బయట ఉన్నట్టే.

రూపాయి ఖర్చు లేకుండా ఒక పని చెయ్, సిరీస్‌లోంచి 5 కెపాసిటర్లు తీసెయ్. ఇప్పుడున్న 10 నానోఫారడ్ 15 అవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పీక్ 12,700 వోల్టులు, 10 కెపాసిటర్లు కలిపి 20,000 ఆపుతాయి. ఇంకో సంగతి, నీ ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ కరెంటు మీద 10.6 నానో కెపాసిటర్‌తో తాళం కలిసి రెజొనెన్స్‌కు వస్తుంది, నువ్వు సరిగ్గా దాని పక్కనే ఉన్నావు. ఇప్పుడు గ్యాప్ పెంచితే వోల్టేజీ 9000 దగ్గర ఆగదు, ఎక్కుతూ పోయి వైండింగ్‌నో కెపాసిటర్లనో తగలబెడుతుంది. నెట్‌లో దొరికే అమెరికా పట్టికలు 60 హెర్ట్జ్‌కు వేసినవి, అక్కడ ఆ విలువ 8.8. వాటిని గుడ్డిగా ఇక్కడ వాడొద్దు.

15 నానోతో ట్యూనింగ్ పదో చుట్టు దగ్గరికి వస్తుంది. స్పార్క్ పొడవయ్యేకొద్దీ అదీ కొంత కెపాసిటెన్స్ కలుపుతుంది కాబట్టి ఇంకో రెండు చుట్లు పైపు కలుపు, ఏసీ మెకానిక్ నిమిషాల్లో అతికిస్తాడు. తర్వాత పావు చుట్టు చొప్పున జరుపుతూ చూడు. జరిపిన ప్రతిసారీ ముందు ప్లగ్గు పీకెయ్, కెపాసిటర్లను పొడుగాటి ప్లాస్టిక్ పిడి ఉన్న రాడ్డుతో షార్ట్ చెయ్, ఒక్కోదానికి 10 మెగాఓమ్ బ్లీడర్ (మిగిలిన చార్జ్‌ను దించేసే రెసిస్టర్) లేకపోతే ఈ రోజే పెట్టు. ప్రాణం తీసేది పైన కనపడే మెరుపు కంటే ముందు ఈ కింది ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్ల సైడే.

మోటార్_వైండింగ్_జనగామ:
తమ్మీ, ఆంటీ తిట్టడంలో న్యాయం ఉంది. ఆ హైఫ్రీక్వెన్సీ అంతా ఇంటి ఎర్త్ వైరు పట్టుకుని వాడకట్టంతా తిరుగుతోంది. సెకండరీకి వేరే రాడ్డు దింపు, ఆరడుగులు తక్కువ కాకుండా, బొగ్గూ ఉప్పూ వేసి. ఎండాకాలం మన నేల రాయిలా ఉంటుంది, ఆన్ చేసే ముందు బిందెడు నీళ్లు పొయ్యి. డాబా మీంచి కిందికి సన్న వైరు కాదు, వెడల్పు రాగి పట్టీ వెయ్యి. రాడ్డు కొట్టే ఓపిక లేదని బోరు కేసింగ్‌కు మాత్రం కట్టకు, మోటారు దానిలోనే ఉంటుంది.

హన్మకొండ_కుర్రోడు:
థాంక్స్ అన్నలూ, ఆదివారం రెండు పనులూ చేస్తా. ఒక డౌటు, చీకట్లో చూస్తే సెకండరీ కింది చుట్ల మీద సన్న నిప్పురవ్వలు పాకుతున్నాయి. ఇన్సులేషన్ పోయినట్టా?

కాజీపేట_సోల్డరింగ్:
ఎక్కువ శాతం కప్లింగ్ బిగువు, అంటే ప్రైమరీ, సెకండరీ మరీ దగ్గరగా ఉన్నాయి. సెకండరీ కింద చెక్క పెట్టి రెండు మూడు సెంటీమీటర్లు పైకి లేపి చూడు. అప్పటికీ పాకితే దుమ్ము తుడిచి, జనగామ అన్న లాంటి మోటార్ వైండింగ్ షాపులో దొరికే వార్నిష్ రెండు పూతలు వెయ్యి. ట్యూన్ అయ్యాక స్పార్క్ ప్రైమరీ మీదికి దూకుతుంది, దాని పైన ఎర్త్ చేసిన రాగి రింగు ఒకటి పెట్టుకో. రింగు పూర్తిగా మూయకు, వేలెడు సందు వదులు. మూస్తే అది షార్ట్ అయిన చుట్టు అయి ట్యూనింగ్ మొత్తం మళ్లీ తారుమారవుతుంది.