చర్చ: యాప్ చూపిస్తున్న 14వ రోజును నమ్ముకోవచ్చా? అండం విడుదలయ్యే రోజులను మీరు ఎలా గుర్తించారు?

వేకువచుక్క:
నా వయసు 36. ఏడు నెలలుగా గర్భం కోసం ప్రయత్నిస్తున్నాము. నెలసరి ఒకసారి 27 రోజులకు, మరొకసారి 34 రోజులకు వస్తుంది. ఫోన్‌లోని యాప్ మాత్రం ప్రతి నెలా 14వ రోజు చుట్టూనే రంగు వేసి చూపిస్తున్నది. గత నెల ఎల్‌హెచ్ స్ట్రిప్‌లు (అండం విడుదలకు ముందు పెరిగే ఎల్‌హెచ్ హార్మోనును మూత్రంలో పట్టి చూపే పట్టీలు) కొని 14వ రోజున పరీక్షించగా రెండో గీత లేతగా వచ్చింది. గీత వచ్చింది కదా అని పరీక్షలు అక్కడితో ఆపేశాను. నెలసరి 33వ రోజున వచ్చేసింది. ఎక్కడ పొరపడుతున్నానో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

గోరింటపూలు:
వేకువచుక్క గారూ, సరిగ్గా ఇదే పొరపాటు నేను నాలుగు నెలలు చేశాను. ఎల్‌హెచ్ హార్మోను మన ఒంట్లో ఎప్పుడూ కొద్దో గొప్పో ఉంటుంది కాబట్టి లేత గీతకు అర్థం లేదు. గర్భ పరీక్షలో లేత గీతను చూసి సంతోషించడం అలవాటైన కళ్లు ఇక్కడ మోసపోతాయి. పరీక్ష గీత, స్ట్రిప్ పనిచేస్తోందని చూపడానికి పక్కనుండే కంట్రోల్ గీతంత ముదురుగా, లేదా అంతకంటే ముదురుగా వచ్చినప్పుడే లెక్క. అలా వచ్చిన తరువాత సాధారణంగా 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది.

నేను స్ట్రిప్‌లను నోటుపుస్తకంలో వరుసగా అంటించి, పక్కన రోజు, వేళ రాసుకునేదాన్ని. ఒక నెల 17వ రోజు మధ్యాహ్నం గీత లేతగా ఉంది. అదే రోజు రాత్రి చూస్తే కంట్రోల్ గీతను మించిపోయింది. మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ వెలిసిపోయింది. రోజుకు ఒక్కసారే చూసి ఉంటే ఆ నెల అండమే విడుదల కాలేదని అనుకునేదాన్ని. పరీక్షకు ముందు రెండు గంటలు నీళ్లు ఎక్కువగా తాగకపోవడం కూడా ముఖ్యం, లేకపోతే మూత్రం పలచబడి గీత వెలవెలబోతుంది.

ఇక యాప్ సంగతి. అండం విడుదలైన నాటి నుంచి నెలసరి వచ్చే వరకు ఉండే వ్యవధి పెద్దగా మారదు; మారేది అంతకు ముందు భాగమే. రాబోయే నెలసరికి 12 నుంచి 16 రోజుల ముందు అండం విడుదలవుతుందని జపాన్ వైద్యుడు క్యూసాకు ఒగినో 1924లోనే లెక్క చెప్పారు. ఆ ప్రకారం మీకు గత నెల అది 17, 21 రోజుల మధ్య ఎప్పుడో జరిగి ఉండాలి. అంటే మీరు స్ట్రిప్‌లు పక్కన పెట్టేసిన తరువాతే అసలు రోజులు మొదలయ్యాయి.

తొలిజాము:
స్ట్రిప్ కంటే ముందే కబురు చెప్పేది తెల్లబట్ట. అండం విడుదలకు కొన్ని రోజుల ముందు అది గుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా, జారుడుగా మారి, రెండు వేళ్ల మధ్య తెగకుండా సాగుతుంది. తెలియక నేను దాన్ని ఇన్‌ఫెక్షన్ అనుకుని మందు కూడా వాడాను. దురద, దుర్వాసన, మంట ఉంటేనే డాక్టరుకు చూపించాలి. ఇవేవీ లేకుండా సాగే స్రావం కనిపిస్తే అవి మనకు కావలసిన రోజులే. వీర్యకణాలు ఐదు రోజుల వరకు బతకగలవు, అండమేమో ఒక్క రోజుకు మించి నిలవదు. అందువల్ల అండం రాక ముందే వీర్యకణాలు సిద్ధంగా ఉండటం మేలు.

చిరుమువ్వ:
ఉదయం లేవగానే ఉష్ణోగ్రత చూసుకునే పద్ధతిని ఎవరూ ప్రస్తావించలేదు. నాకు అదే బాగా ఉపయోగపడింది.

గోరింటపూలు:
చిరుమువ్వ గారూ, నేను ఒప్పుకోలేను. ఉష్ణోగ్రత పెరిగేది అండం విడుదలైన తరువాత, ప్రొజెస్టెరాన్ అనే హార్మోను ప్రభావం వల్ల. పట్టికలో గీత పైకి లేచేసరికి ఆ నెల అవకాశం దాదాపు దాటిపోయి ఉంటుంది.

చిరుమువ్వ:
నిజమే, ఆ నెలకు అది ఆలస్యమే. అయితే మూడు నెలల పట్టికలు పక్కపక్కన పెట్టి చూస్తే, అండం అసలు విడుదలవుతున్నదా, ఏ రోజుల మధ్య అవుతున్నదన్నది తెలుస్తుంది. నాకు పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల అండం విడుదల సరిగా జరగని సమస్య) ఉండటం వల్ల స్ట్రిప్‌లు వారం రోజుల పాటు ముదురుగానే వచ్చి అయోమయపెట్టేవి. చివరికి డాక్టరు ఫాలిక్యులర్ స్కాన్‌లు చేసి, ఫాలికిల్ (అండాశయంలో అండం పెరిగే చిన్న సంచి) ఎంత పెరిగిందో మిల్లీమీటర్లలో చెప్పాకే స్పష్టత వచ్చింది.

పడమటిగాలి:
భర్తగా ఒక మాట. గీత ముదిరిన రాత్రి మా ఇంట్లో పరీక్ష హాలు వాతావరణం ఉండేది; ఆ ఒత్తిడికి ఒకటి రెండు నెలలు ఆ రోజులే వృథా అయ్యాయి. రోజులు లెక్కపెట్టడం మాని, రెండు మూడు రోజులకు ఒకసారి కలవమని డాక్టరు చెప్పిన తరువాత ఊపిరి పీల్చుకున్నాము. నా వీర్య పరీక్ష మాత్రం ఎనిమిది నెలలు వాయిదా వేశాను. లోపం నాలోనే ఉందని తేలేసరికి ఆమె రాసిన పట్టికలన్నిటినీ చూసి సిగ్గు వేసింది.

తొలిజాము:
వేకువచుక్క గారూ, 35 దాటినవారు ఆరు నెలలు ప్రయత్నించి ఫలితం లేకపోతే వైద్యులను కలవమంటారు. మీకు ఏడు నెలలు అయ్యాయి. స్ట్రిప్‌లు చూస్తూనే, అపాయింట్‌మెంట్ కూడా తీసుకోండి.

వేకువచుక్క:
అందరికీ ధన్యవాదాలు. ఈ నెల 12వ రోజు నుంచి రెండు పూటలా పరీక్షించాను. 19వ రోజు సాయంత్రం గీత కంట్రోల్ కంటే ముదురుగా వచ్చింది. ఇద్దరమూ కలిసి డాక్టరు దగ్గరకు వెళ్లాము, మావారికీ వీర్య పరీక్ష రాశారు. నాకు ముందు 21వ రోజున ప్రొజెస్టెరాన్ పరీక్ష అని రాసి, నా స్ట్రిప్‌ల పుస్తకం చూశాక దాన్ని కొట్టివేసి 27వ రోజు అని మార్చారు. 21 అనేది 28 రోజుల నెలసరి ఉన్నవారి లెక్కట. అండం విడుదలైన వారానికి చేస్తేనే ఆ పరీక్షకు అర్థమట. ఎల్లుండి రక్తం ఇవ్వాలి.