టర్కీ కోడి వేటకు బిగుతు చోక్‌తో టంగ్‌స్టన్ తూటాయా, మామూలు ఫుల్ చోక్‌తో సీసపు తూటాయా?

మిస్సోరి కొత్తవాడు (ప్రశ్న):

వచ్చే వసంతంలో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో మొదటిసారి అడవి టర్కీ కోళ్ల వేటకు వెళ్లబోతున్నాను. వేట శిక్షణ పూర్తిచేసి ధ్రువపత్రం తీసుకున్నాను. నా దగ్గర ఉన్నది మూడు అంగుళాల తూటా పట్టే 12 గేజ్ పంప్ తుపాకి (గేజ్ అంటే గొట్టం లావు కొలత, అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది). దానితోపాటు గొట్టం కొసన బిగించి గుండ్లు చెదరకుండా కుదించే చోక్‌లు మూడు వచ్చాయి: వదులు నుంచి బిగుతు వరుసలో ఇంప్రూవ్డ్ సిలిండర్, మాడిఫైడ్, ఫుల్. ఆఫీసులో ఇద్దరు అనుభవజ్ఞులను అడిగితే రెండు విరుద్ధమైన సలహాలు ఇచ్చారు. ఒకరు 0.660 అంగుళాల బిగుతు చోక్ విడిగా కొని, టీఎస్ఎస్ (టంగ్‌స్టన్ సూపర్ షాట్) అని పిలిచే టంగ్‌స్టన్ గుండ్ల తూటాలు వాడమన్నారు. మరొకరు ఉన్న ఫుల్ చోక్ పెట్టుకుని, 5 నంబరు సీసపు తూటాలు (నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది) కొనుక్కుంటే చాలన్నారు. టంగ్‌స్టన్ తూటా ఒక్కొక్కటి పది డాలర్లకు పైగా పడుతోంది. ఖర్చుకు వెనకాడను, అయితే ఆ ఖర్చు వల్ల పక్షి బాధపడకుండా పడిపోతుందా, లేక అది దుకాణదారుకే లాభమా అన్నది తెలుసుకోవాలి. మన భాషలో ఈ విషయం వివరంగా ఎక్కడా దొరకలేదు కనుక ఇక్కడ అడుగుతున్నాను.

కాన్సస్ గాలి:

టంగ్‌స్టన్ కొనండి. కారణం సాంద్రతలో ఉంది. సీసం ఘన సెంటీమీటరుకు సుమారు 11 గ్రాములు తూగితే టీఎస్ఎస్ 18 గ్రాములు తూగుతుంది. ఒకే వేగంతో వెళ్లే రెండు గుండ్లలో ఏది ఎముకలోకి లోతుగా దిగుతుందో పోల్చడానికి సాంద్రతను వ్యాసంతో గుణించి చూడవచ్చు. అమెరికాలో గుండు నంబరును 17 నుంచి తీసివేస్తే దాని వ్యాసం అంగుళంలో నూరో వంతుల లెక్కన వస్తుంది. అంటే 5 నంబరు గుండు 0.12 అంగుళం, 9 నంబరు గుండు 0.08 అంగుళం. 5 నంబరు సీసానికి 11ని 12తో గుణిస్తే 132 వస్తుంది, 9 నంబరు టంగ్‌స్టన్‌కు 18ని 8తో గుణిస్తే 144 వస్తుంది. ఆవగింజకు అన్నలా కనిపించే ఆ గుండు, తనకన్నా పెద్దదైన సీసపు గుండు కంటే లోతుకు దిగుతుందన్నమాట.

పైగా సంఖ్య చూడండి. ఔన్సుకు 5 నంబరు సీసం సుమారు 170 గుండ్లు, 9 నంబరు టంగ్‌స్టన్ సుమారు 360. ఒకటిముప్పావు ఔన్సుల తూటా తీసుకుంటే ఒకదానిలో 300కు కాస్త తక్కువ, రెండోదానిలో 630. టర్కీ పుంజును అక్కడికక్కడే పడగొట్టేవి తలకూ మెడ ఎముకలకూ తగిలే గుండ్లే. రెక్కలకూ రొమ్ముకూ తగిలినవి దాన్ని గాయపరచి పొదల్లోకి పంపుతాయి, అక్కడ అది ఎవరికీ దక్కకుండా చస్తుంది. 40 గజాల దూరంలో పది అంగుళాల వృత్తంలో కనీసం 100 గుండ్లు పడాలన్నది వేటగాళ్లు చాలాకాలంగా పాటిస్తున్న కొలత. మంచి చోక్‌తో టంగ్‌స్టన్ ఆ కొలతకు రెట్టింపు కూడా సులువుగా దాటుతుంది. గాయపడి పారిపోయే పక్షులను తగ్గించే సాధనం చేతికి అందుబాటులో ఉన్నప్పుడు వద్దనుకోవడం నాకు న్యాయంగా తోచదు.

ఓజార్క్ గట్టు:

కాన్సస్ గాలి గారి లెక్కలో తప్పు లేదు. కానీ ఆ లెక్క పక్షి 40 గజాల అవతల ఉందని అనుకుని మొదలైంది. టర్కీ వేట అంటే చెట్టుకు వీపు ఆనించి కదలకుండా కూర్చుని, పెట్ట గొంతుతో పిలిచి పుంజును దగ్గరికి రప్పించడం. ఓపికగా పిలిచేవాడి ముందుకు అది 20, 25 గజాలకు వచ్చి నిలబడుతుంది. మన పూర్వులు దీమం అన్న మాట వాడారు చూడండి, ఎర చూపి రప్పించడం. అదే విద్య ఇది. ఓజార్క్ కొండల్లో నేను కొట్టిన పుంజుల్లో అత్యధికం 30 గజాల లోపలివే.

ఇప్పుడు అంత బిగుతు చోక్ 15 గజాల దగ్గర ఏం చేస్తుందో ఆలోచించండి. గుండ్లన్నీ అరచేయంత జాగాలో గుంపుగా వెళ్తాయి. పుంజు తల అడుగు అడుగుకూ ముందుకు వెనక్కి ఊగుతుంటుంది. అరచేయి వెడల్పు గురి తప్పితే చాలు, పది డాలర్ల తూటా మట్టిలో కలుస్తుంది. నా మొదటి సంవత్సరంలో సరిగ్గా ఇలాగే, 12 గజాల దూరంలో నిలబడ్డ పుంజును పూర్తిగా తప్పాను. అప్పుడు వాడింది అంగట్లో దొరికిన అన్నింటికన్నా బిగుతైన చోక్. ఆ వసంతమంతా నాకు మరో అవకాశం రాలేదు.

దీనికన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకొకటి. 60 గజాలకు కూడా పనిచేసే తూటా తన దగ్గర ఉందని తెలిసినవాడు 60 గజాల పక్షిని వదిలిపెట్టడు. అడవిలో దూరం అంచనా వేయడంలో అనుభవజ్ఞులు కూడా పది గజాలు పొరబడతారు, మధ్యలో కనబడని సన్నని కొమ్మలు ఉంటాయి. మిస్సోరిలోనూ అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లోనూ టర్కీల సంఖ్య ఇటీవలి సంవత్సరాల్లో తగ్గిందని అందరం బాధపడుతున్న కాలంలో, గాయపరచే అవకాశాన్ని పెంచే ఏ పనినీ నేను సమర్థించలేను. పైగా అంత ఖరీదైన తూటాలను ఎవరూ కాగితం మీద పరీక్షించరు. ఒకటి కాల్చి చూసి, మిగిలినవి దాచుకుంటారు. అదే ధరకు సీసపు తూటాలు నాలుగైనా వస్తాయి.

కొలబద్ద:

మీరిద్దరూ తూటా గురించే వాదిస్తున్నారు, చోక్‌ను వదిలేశారు. చోక్ అంటే గొట్టం కొసన ఉండే ఇరుకు. 0.660 అన్నది చోక్ కొస వ్యాసమే తప్ప ఇరుకు ఎంతో చెప్పదు. దాన్ని గొట్టం లోపలి వ్యాసం నుంచి తీసివేసినప్పుడే ఇరుకు తెలుస్తుంది. 12 గేజ్ గొట్టం ప్రామాణిక వ్యాసం 0.729 అంగుళం. బ్రౌనింగ్ తుపాకుల కంపెనీ వారి వెడల్పు గొట్టాలు 0.742 దగ్గర ఉంటాయి. మూడున్నర అంగుళాల తూటా కోసం 1988లో వచ్చిన మాస్‌బర్గ్ కంపెనీ 835 తుపాకి గొట్టమైతే 0.775. మామూలు గొట్టానికి 0.660 చోక్ వల్ల వచ్చే ఇరుకు 0.069 అయితే, 835కు అదే కొస వ్యాసం వల్ల వచ్చేది 0.115. మామూలు ఫుల్ చోక్ ఇరుకు 0.035 దగ్గర ఉంటుందని గుర్తుపెట్టుకుంటే ఈ తేడా ఎంత పెద్దదో అర్థమవుతుంది. కాబట్టి స్నేహితుడి తుపాకికి అద్భుతంగా పనిచేసిన అంకె మీ తుపాకికి పనిచేయాలని లేదు. చోక్‌ను గొట్టంలో బిగించే మరలు కూడా ఒక్కో కంపెనీవి ఒక్కో రకం. సరిపోని చోక్‌ను బలవంతంగా బిగించడం ప్రమాదం.

సీసం మెత్తనిది. మితిమీరిన ఇరుకులోంచి తోస్తే గుండ్లు నొక్కుకుపోయి, గుండ్రదనం పోయినవి దారి తప్పి పక్కలకు చెదురుతాయి. అంటే బిగించిన కొద్దీ ప్యాటర్న్ (కాగితం మీద గుండ్లు పడే తీరు) మెరుగుపడి, ఒక హద్దు దాటాక చెడిపోవడం మొదలవుతుంది. టంగ్‌స్టన్ గుండు నలగదు కనుక మరింత బిగుతును తట్టుకుంటుంది. కానీ అది గొట్టం ఉక్కును గీకకుండా కాపాడేది తూటాలోని మందపాటి ప్లాస్టిక్ కప్పు మాత్రమే. అందువల్ల చోక్ మీద దేనికి అనుమతి ఉందో చదవకుండా అందులోంచి టంగ్‌స్టన్ కాల్చవద్దు. ఫెడరల్ అనే తూటాల కంపెనీ ఫ్లైట్‌కంట్రోల్ కప్పు గొట్టం దాటాక కూడా గుండ్లను కొంతదూరం పట్టి ఉంచి, వెనుక రెక్కలు విచ్చుకుని వేగం తగ్గినప్పుడు వదులుతుంది. పక్కల రంధ్రాలున్న చోక్‌లు ఆ కప్పును చీల్చి దాని పనిని పాడుచేస్తాయి. అటువంటి తూటాకు రంధ్రాలు లేని చోక్ కావాలి, అదీ మరీ బిగుతుగా ఉండనక్కరలేదు.

కాన్సస్ గాలి:

60 గజాల ప్రలోభం గురించి ఓజార్క్ గారు చెప్పింది ఒప్పుకుంటాను. టంగ్‌స్టన్ చేతిలో ఉన్నా నేను 40 గజాల గీత దాటను. కానీ ప్రలోభం మనిషిలో ఉంటుంది, లోహంలో ఉండదు. దగ్గరి పక్షిని తప్పడం కూడా చోక్ దోషమే కానీ టంగ్‌స్టన్ దోషం కాదు. 630 గుండ్లున్న తూటాను మాడిఫైడ్ చోక్‌లోంచి కాల్చితే వెడల్పూ దక్కుతుంది, చిక్కదనమూ దక్కుతుంది.

నేను ఈ పక్షం వహించడానికి అసలు కారణం మా అమ్మాయి. పద్నాలుగేళ్ల పిల్ల. 12 గేజ్ భారీ తూటా దెబ్బకు భుజం నొప్పి పుట్టి, ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకోవడం మొదలుపెట్టింది. 20 గేజ్‌కు మార్చి ఒకటిన్నర ఔన్సుల టంగ్‌స్టన్ ఇచ్చాను. అందులో 540 గుండ్లు ఉంటాయి. చిన్న 410 బోర్ తుపాకి తూటాలో పదమూడు పదహారో వంతుల ఔన్సే ఉన్నా, దానిలోని 9 నంబరు గుండ్లు సుమారు 290. పెద్ద 12 గేజ్ సీసపు తూటాలో ఉన్నన్ని గుండ్లు ఆ బుల్లి తూటాలో ఉన్నాయి. పిల్లలకు, బలహీనమైన భుజం ఉన్న పెద్దలకు ఇంతకన్నా మేలు చేసిన మార్పు ఈ వేటలో నాకు కనిపించలేదు. ఇంకొక మాట. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ వేటకూ సీసం వాడకూడదు. అక్కడున్న మనవాళ్లకు ఈ చర్చలో సగం ముందే ముగిసిపోయింది.

మిస్సోరి కొత్తవాడు:

అందరికీ కృతజ్ఞతలు. శనివారం పెద్ద కాగితాలు పట్టుకుని, కాల్పుల సాధన చేసే రేంజ్‌కు వెళ్లాను. 40 గజాలు, పది అంగుళాల వృత్తం, ఒక్కో కాగితానికి ఒక్కో తూటా. కంపెనీ ఫుల్ చోక్‌తో రాగి పూసిన 5 నంబరు సీసం మూడు తూటాలకు 96, 88, 104 గుండ్లు పడ్డాయి. నా తుపాకి మరలకు సరిపోయే 0.660 చోక్‌ను స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చి అదే తూటా కాల్చితే 81, 97, 70 వచ్చాయి, వృత్తంలో అరచేయంత ఖాళీలు కనిపించాయి. కొలబద్ద గారు చెప్పిన హద్దు ఏమిటో కళ్లారా చూశాను. ఫుల్ చోక్‌తోనే 9 నంబరు టంగ్‌స్టన్ రెండు కాల్చాను: 190, 204. చోక్ కొనాలన్న ఆలోచన మానుకున్నాను. ఈ ఏడు సీసంతోనే, 35 గజాల లోపలే. మిస్సోరిలో 4 నంబరు కన్నా పెద్ద గుండు వాడరాదన్న నిబంధనకు 5 నంబరు లోబడే ఉంది.

అయితే ఒక సంగతి అర్థం కాలేదు. ఏ తూటా కాల్చినా గుండ్ల నడిమి భాగం నేను గురిపెట్టిన చోటికి నాలుగు అంగుళాలు పైన పడుతోంది.

ఓజార్క్ గట్టు:

35 గజాల గీత గీసుకున్నందుకు సంతోషం. 88 వచ్చిన తూటాను దృష్టిలో పెట్టుకుని గీసిన గీత అది, 104 వచ్చిన తూటాను చూసి గీసింది కాదు. అదే సరైన పద్ధతి.

నాలుగు అంగుళాలు పైన పడటానికి కారణం చాలావరకు మీ చెంప అయివుంటుంది. గొట్టం చివరి పూస ఒక్కటే గురి అయినప్పుడు మీ కన్నే వెనుక గురి. ఆత్రంలో చెంప తుపాకి వెనుక బద్ద (భుజానికి ఆనే భాగం) మీద నుంచి కాస్త లేస్తే కన్ను పైకి జరిగి తుపాకి పైకి కొడుతుంది. పక్షి ఎదురుగా ఉన్నప్పుడు ఆ ఆత్రం మూడింతలవుతుంది. కొత్త చోక్‌కు పెట్టాలనుకున్న డబ్బును సర్దుబాటు చేసుకోగల గురికి గానీ ఎర్రచుక్క గురికి గానీ పెట్టండి. మళ్లీ పరీక్షించేటప్పుడు బల్ల మీద తుపాకి ఆనించి కాల్చవద్దు. రేంజ్ వారు ఒప్పుకుంటే నేల మీద కూర్చుని, మోకాలి మీద ముంజేయి ఆనించి, వేటలో కూర్చునేలాగే కూర్చుని కాల్చండి. 15 గజాల దగ్గర కూడా రెండు తూటాలు తప్పక ఖర్చుచేయండి. వేట రోజున దీమపు బొమ్మను 20 గజాల దగ్గర నాటి, 35 గజాల దగ్గరున్న ఒక చెట్టును ముందే గుర్తు పెట్టుకోండి. పుంజు పురి విప్పి మెడ లోపలికి ముడుచుకుని ఉన్నంతసేపు కాల్చవద్దు. ఒక్క చిన్న కూత పెట్టండి. అది మెడ నిక్కించి చూస్తుంది, అప్పుడు మెడ మొదట్లో, ఈకలు మొదలయ్యే చోట చుక్క ఉంచి నొక్కండి.